పీపా చమురు, బతా పగారు

ఒక పీపా చమురు నేలలోంచి పైకి తీయడానికి 2018లో సౌదీ ఆరామ్‌కోకు సగటున అయిన ఖర్చు 2.8 డాలర్లు. మరుసటి ఏడాది వాటాలు అమ్మకానికి పెట్టినప్పుడు ఆ సంస్థే ఈ లెక్క బయటపెట్టింది. 2018లో ప్రపంచ మార్కెట్లో పీపా ధర సగటున 70 డాలర్ల చుట్టూ ఉంది. ఖర్చు పోను మిగిలే ఆ 67 డాలర్లలో ఎవరి వాటా ఎంత అన్నదే చమురు రాజకీయమంతా.

ఈ లెక్కను రియాద్‌లోని బతా నుంచి చూద్దాం. వానొస్తే వాగు పారిన చోటు అది, పక్కన ఖర్జూర తోటలుండేవి. చమురు డబ్బుతో రాజధాని పెరుగుతుంటే వాగు మీదికి రోడ్లు, వాటి పక్కకు అంగళ్లు వచ్చాయి. ఇప్పుడు శుక్రవారం సాయంత్రమైతే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల మనుషులు మలయాళీలు, బంగ్లాదేశీల మధ్య అక్కడ తారసపడతారు. డబ్బు పంపే కౌంటర్ దగ్గర వరుసలో నిలబడేముందు ఫోనులో రియాలు రేటు చూసుకుంటారు. 2022 జనగణన ప్రకారం సౌదీ జనాభా 3.22 కోట్లు. అందులో విదేశీయులు 1.34 కోట్లు, వాళ్లలో భారతీయులు దాదాపు 19 లక్షలు.

మొదటి బేరం: టన్నుకు 4 షిల్లింగులు

1933 మేలో ఇబ్న్ సౌద్ రాజు ప్రభుత్వం అమెరికాకు చెందిన స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియాతో ఒప్పందం కుదుర్చుకుంది. గడువు 60 ఏళ్లు. ముందుగా ముట్టింది 35,000 బంగారు సవరన్లు. చమురు పడితే టన్నుకు 4 బంగారు షిల్లింగుల రాయల్టీ. టన్నంటే ఏడు పీపాల పైమాట, కాబట్టి పీపాకు దక్కేది అర షిల్లింగు కంటే కాస్త ఎక్కువ. 1938 మార్చిలో దమ్మామ్ 7వ నంబరు బావిలో చమురు పుష్కలంగా పడింది. అది పడ్డాక రాజు బేరం పెంచాడు. 1950 చివర్లో లాభాన్ని చెరిసగం పంచుకునే ఒప్పందం కుదిరింది. 1933 ఒప్పందంతో పుట్టిన కంపెనీయే ఆరామ్‌కో. అందులో 1973 నుంచి సౌదీ ప్రభుత్వం వాటాలు కొంటూ వచ్చి, 1980 నాటికి కంపెనీ మొత్తాన్ని తన చేతిలోకి తీసుకుంది.

పనివాళ్ల బేరం ఇలా సాగలేదు. కంపెనీ దహ్రాన్‌లో అమెరికన్లకు పచ్చికబయళ్లు, ఈతకొలనులతో ఒక క్యాంపు కట్టింది. సౌదీ కూలీలకు వేరే క్యాంపు, ఇటాలియన్లకు, భారతీయులకు వేరే వసతి. జీతం, నీళ్లు, ఇల్లు అన్నీ జాతిని బట్టే దక్కాయి. ఆదివాసుల నేలలు ఆక్రమించి గనులు తవ్విన అమెరికా పడమటి రాష్ట్రాల్లో తెల్లవాళ్లకొక కూలి, మెక్సికన్లకొక కూలి ఉండేది. ఆ పద్ధతినే కంపెనీ ఎడారికి మోసుకొచ్చిందని రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ వైటాలిస్ ‘అమెరికాస్ కింగ్‌డమ్’ పుస్తకంలో ఆధారాలతో చూపించాడు. దీనిమీద సౌదీ కార్మికులే తిరగబడ్డారు. 1945లో సమ్మెలు జరిగాయి. 1953 అక్టోబరులో సుమారు 13,000 మంది పని ఆపేశారు. 1956లో మళ్లీ ఆందోళన లేస్తే, సమ్మెలను నిషేధిస్తూ రాజశాసనం వెలువడింది. సౌదీలో కార్మిక సంఘాలు ఈనాటికీ లేవు. బతాలో నిలబడ్డ మన మనిషికి వారసత్వంగా వచ్చింది ఈ ఏర్పాటే.

ధర పడితే ఎవరి నెత్తిన?

2014 జూన్‌లో పీపా 115 డాలర్ల దాకా పలికింది. 2016 జనవరికి 30 డాలర్ల లోపుకు జారింది. 2015లో సౌదీ బడ్జెట్ లోటు 36,700 కోట్ల రియాళ్లు. ఖజానా కాంట్రాక్టర్లకు బిల్లులు ఆపింది, కాంట్రాక్టర్లు క్యాంపుల్లో జీతాలు ఆపారు. 2016 జూలై చివర్లో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్, సౌదీలో 10,000 మందికి పైగా భారతీయులు తిండికి ఇబ్బంది పడుతున్నారని ప్రకటించారు. నెలల తరబడి జీతాలివ్వని పెద్ద నిర్మాణ సంస్థల్లో ఒకటైన సౌదీ ఒజర్ 2017లో మూతపడింది. చాలామంది బకాయిలు అక్కడే వదిలి ఇంటిబాట పట్టారు.

లోటు పూడ్చడానికి ప్రభుత్వం కొత్త వసూళ్లు పెట్టింది:

• వెంట ఉన్న భార్యాపిల్లల మీద 2017 జూలై నుంచి తలకు నెలకు 100 రియాళ్లు. ఏటా 100 పెరిగి 2020కి 400. భార్య, ఇద్దరు పిల్లలుంటే ఏడాదికి 14,400 రియాళ్లు.

• విదేశీ కార్మికుడి మీద యజమాని కట్టే లెవీ అంతకుముందు నెలకు 200 రియాళ్లు. 2018లో 300 నుంచి 400, 2020 నాటికి 700 నుంచి 800. పరిశ్రమలకు, కొన్ని చిన్న సంస్థలకు మినహాయింపులున్నాయి.

• వ్యాట్ 2018 జనవరిలో 5 శాతం, 2020 జూలై నుంచి 15 శాతం.

విదేశీయులు సౌదీ నుంచి ఇళ్లకు పంపిన సొమ్ము 2015లో సుమారు 15,700 కోట్ల రియాళ్లు. 2019కి అది 12,500 కోట్లకు తగ్గింది.

ఆ తర్వాత ధర మళ్లీ లేచింది. 2022లో ఆరామ్‌కో నికర లాభం 16,100 కోట్ల డాలర్లు. వ్యాట్ మాత్రం 15 శాతం దగ్గరే ఉంది, లెవీ కూడా తగ్గలేదు. ధర పడ్డప్పుడు వేసిన బరువును ధర పెరిగాక ఎవరూ దించలేదు.

ఆజాద్ వీసా లెక్క

లెవీ, ఇకామా (నివాస అనుమతి) ఫీజు చట్టప్రకారం యజమానే కట్టాలి. కానీ బతా చుట్టుపక్కల చాలామంది ‘ఆజాద్ వీసా’ మీద ఉంటారు. కాగితాల్లో కఫీల్ (స్పాన్సర్) ఒకరు, పని చేసేది ఇంకోచోట. అలాంటప్పుడు ఈ ఖర్చులన్నీ కార్మికుడి జేబులోంచే పోతాయి. నెలకు 2,500 రియాళ్లు సంపాదించే ఎలక్ట్రీషియన్ ఒకరున్నారనుకుందాం. లెవీ 800, ఏడాదికి 650 ఉన్న ఇకామా ఫీజులో నెల వంతు 54. మొత్తం 854 రియాళ్లు. 2024లో రియాలుకు 22 రూపాయల లెక్కన ఇది 18,800 రూపాయలు. మిగిలిన 1,646 రియాళ్లలోంచి బీమా, మంచం కిరాయి, తిండి, కఫీల్‌కు ముట్టజెప్పేది పోవాలి. ఆ తర్వాతే ఊళ్లో అప్పుకు మిత్తి. కట్టలేక ఇకామా గడువు దాటితే ‘ఖల్లివెల్లి’, అంటే కాగితాల్లేని మనిషి, అయినట్టే. ఇక ఎక్కడ తనిఖీ ఉందన్నా ఆ దారి తప్పించుకుని తిరగాలి. 2021 మార్చిలో వచ్చిన సంస్కరణతో కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు దొరికింది. ఇంటిపనివాళ్లు, హౌస్ డ్రైవర్లు, గొర్రెల కాపర్లకు ఆ సంస్కరణ వర్తించలేదు.

బొగ్గుకు ఒక న్యాయం, చమురుకు ఒక న్యాయం

బతాకు మనుషులను పంపే ఉత్తర తెలంగాణలోనే నేల కింద ఇంకో ఇంధనం ఉంది, బొగ్గు. 2023–24 లాభాల్లో విస్తరణకు పక్కన పెట్టింది పోను మిగిలినదాంట్లోంచి, దాన్ని తవ్వే సింగరేణి సంస్థ తన కార్మికులకు 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు పంచింది. దాదాపు 42,000 మందికి సగటున తలా 1.90 లక్షలు దక్కాయి. గోదావరిఖనిలో బొగ్గు తవ్వే అన్నకు లాభంలో వాటా ఉంది, రియాద్‌లో గోడ కట్టే తమ్ముడికి పైసా లేదు.

దీనికి ఒక వివరణ తిమోతీ మిచెల్ 2011లో వెలువరించిన ‘కార్బన్ డెమోక్రసీ’లో ఉంది. బొగ్గుకు వేలమంది గనిలోకి దిగాలి. వాళ్లు చేతులు కట్టుకుంటే రైళ్లు, కరెంటు ఆగుతాయి. ప్రత్యేక తెలంగాణ కోసం 2011లో జరిగిన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు ఐదు వారాలు పని ఆపితే కరెంటు కోతలు రాష్ట్రమంతా తెలిసొచ్చాయి. చమురు గొట్టాల్లో పారుతుంది, కొద్దిమంది చాలు. ఆరామ్‌కో సిబ్బంది 70,000 చిల్లర. బతాలో కనిపించేవాళ్లలో ఎక్కువమంది చమురు తీసేవాళ్లు కాదు, చమురు డబ్బుతో లేచే రోడ్లు, భవనాలు కట్టేవాళ్లు. వాళ్లు పని ఆపినా పీపా ఆగదు.

అయితే ఇంధనం రకమే అంతా తేల్చదు. ఆ 2023–24 లాభాల్లోంచే సింగరేణిలో కాంట్రాక్టు కార్మికులు 25,000 మందికి దక్కింది తలా 5,000 రూపాయలు. అదీ మొదటిసారి. బొగ్గు ఒకటే, గని ఒకటే. పర్మినెంటు కార్మికుడికి ఉన్న బేరం శక్తి కాంట్రాక్టు మనిషికి లేదు.

బేరం ఎవరు చేయాలి?

సంఘం పెట్టుకోలేని చోట కార్మికుడి తరఫున బేరమాడాల్సింది అతని దేశం. ఫిలిప్పీన్స్ 2021 నవంబరులో సౌదీకి ఇంటిపని, నిర్మాణ కార్మికులను పంపడం ఆపి, ఏడాదికి గానీ తలుపు తెరవలేదు. తెరిచిన నెలలోనే సౌదీ ఒజర్ వంటి దివాలా సంస్థల్లో జీతాలు పోగొట్టుకున్న సుమారు 10,000 మంది ఫిలిప్పీన్స్ కార్మికులకు 200 కోట్ల రియాళ్లు ఇస్తామని సౌదీ హామీ ఇచ్చింది. 2024లో చెల్లింపులు మొదలయ్యాయి. సగటు తీస్తే తలా 2 లక్షల రియాళ్లు.

మన దేశం 2020 సెప్టెంబరులో చేసింది ఇందుకు తలకిందులు. కరోనాలో ఉద్యోగాలు కాపాడాలంటూ గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదని తాను నిర్ణయించే కనీస రెఫరల్ వేతనాలను 30 నుంచి 50 శాతం తగ్గించింది. సౌదీకి నిర్ణయించింది 324 డాలర్లు, అంటే 1,215 రియాళ్లు. తెలంగాణ వలస కార్మిక సంఘాల వాళ్లు హైకోర్టుకెక్కారు. 2021 జూలైలో కేంద్రం ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకుంది.

పీపా ధరను జగిత్యాల శాసించలేదు. 324 డాలర్ల ఉత్తర్వు మాత్రం ఢిల్లీలోనే పుట్టింది, ఇక్కడివాళ్లు కొట్లాడితేనే రద్దయింది. ఫిలిప్పీన్స్ రాబట్టుకున్నట్టు మన ఒజర్ కార్మికుల బకాయిలనూ రాబట్టాలని, ఆజాద్ వీసాల మీద పడుతున్న లెవీని చర్చల బల్ల మీద పెట్టాలని పట్టుబట్టాల్సింది కూడా ఆ ఢిల్లీ దగ్గరే.