నెగటివులకు ప్రతి తీయుటయందు ఫిలిము చట్రము

తాళపత్ర గ్రంథములను పరిశోధించువారికి మూలమునకును, ప్రతికిని గల తారతమ్యము క్రొత్తది కాదు. ఛాయాచిత్రములయందును అట్టిదే కలదు. గోడపై వ్రేలాడు పటము ప్రతి, నెగటివు మూలము. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచెత్తినపుడు పటములును ఇండ్లతోపాటు ఉప్పునీటి పాలయ్యెను. అట్టి యింటివారి నెగటివు ఏ చుట్టమింటనో, ఏ చిత్రశాల పెట్టెలోనో దొరికెనేని వారికి పూర్వుల ముఖము చూపునది అదియొక్కటియే. దానిని స్కానరు మీదనో, కెమెరా క్రిందనో ఉంచి ప్రతి తీయబూనువారు యంత్రమును గూర్చి ఎంతయో విచారింతురు గాని, నెగటివును పట్టియుంచు చట్రమును గూర్చి విచారింపరు. పని చెడునది తరచుగా అచ్చటనే.

చట్రము ఫిలిమును చదునుగా నుంచవలెను. కటకమునకు తగిన దూరమున నుంచవలెను. సామాన్యమైన 35 మిల్లీమీటర్ల ఫిలిముపై చిత్రము 24 × 36 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని ఉన్నంత పరిమాణమున కెమెరాతో గ్రహించునపుడు స్పష్టత నిలుచు లోతు మిక్కిలి స్వల్పము. ఫిలిము నడుమ ఉబ్బెనా, మధ్యనున్న వధూవరులు స్పష్టముగను, అంచున నిలిచిన మేనమామ మసకగను వచ్చును. సుమారు 61 మిల్లీమీటర్ల వెడల్పు గల 120 ఫిలిమునకు ఈ బాధ మరింత యెక్కువ.

ఇందులకు విరుగుడుగా ఫిలిమును రెండు గాజుపలకల నడుమ నొక్కు చట్రములు కలవు. చదునునకు వానిని మించినవి లేవు. కాని ఫిలిముయొక్క నున్నని వెనుకవైపు నున్నని గాజును తాకినచో, నడుమ చిక్కిన పలుచని గాలిపొరవలన రంగుల వలయములు పుట్టును. వీనిని న్యూటను వలయములందురు. ఆ వైపున సన్నగా గరుకుచేసిన గాజును వాడినచో ఇవి రావు.

ఇంతవరకు ఏ దేశమునకైనను సరిపోవును. వేయించిన అప్పడము చూచుచుండగనే మెత్తబడు బందరు, గుడివాడ ప్రాంతములకు మరియొక చిక్కు కలదు. నెగటివుపై చిత్రమును ధరించియుండు జెలటిను పశువుల ఎముకలనుండియు, చర్మములనుండియు తీసిన ఒక జిగురు. అది చెమ్మను పీల్చి ఉబ్బును. మెత్తబడి ఒత్తిడియందు గాజునకు అంటుకొనును. బలిమిని లాగినచో చిత్రము గాజుతో లేచివచ్చును. ఒకసారి ఉప్పునీట తడిసిన నెగటివు విషయమున ఈ భయము రెట్టింపు. కావున ఈ సీమలో అంచులను మాత్రమే పట్టుకొని, జెలటినుముఖమును దేనికిని తాకనీయని చట్రమే మొదట ఎన్నుకొనదగినది. కొంచెము వంపు మిగిలినను మేలు; మసకను సహింపవచ్చును, ఊడిన ముఖమును తిరిగి అతికింపరాదు. గాజు తప్పనిసరియైనచో వెనుకవైపున మాత్రమే గరుకుగాజు నుంచి, వానలేని దినమున పని ముగించి, వెంటనే విడదీయవలెను. మూతగల డబ్బాలో సిలికా జెల్ పొట్లముతో ముందుగా ఆరనిచ్చుట మంచిది. అతిగా ఆరినచో మాత్రము ఫిలిము మరింత ముడుచుకొనును. నిప్పు సెగ చూపుట ఎన్నడును కూడదు. పాత ఫిలిములలో నైట్రేటువి కలవు. అవి భగ్గున మండును.

చట్రపు కిటికీని గూర్చి పరిశోధకులకు వేరొక పట్టింపు ఉండవలెను. చిత్రము అంచులను కప్పివేయు చట్రములే అంగడిలో పెక్కు. ఫిలిము అంచున తయారీదారు గుర్తును, వరుససంఖ్యయు ఉండును. ఘంటసాలలో తీసిన శిల్పముల చిత్రములైనచో ఏది దేని తరువాత తీయబడెనో తెలుపునది ఆ సంఖ్యయే. కిటికీ చిత్రముకన్న పెద్దదిగా నుండుట అందుచే అవసరము. గాజుపలక నెగటివులకు చట్రముతో పనిలేదు. నాలుగంచుల క్రింద దళసరి కాగితపు పట్టీలు పరచినచో జెలటిను స్కానరు గాజునకు తగులదు.

క్రొత్త స్కానరు చట్రము చేతికి వచ్చినపుడు పనికిరాని నెగటివునొకదానిని తీసికొని, చట్రపు నాలుగు మూలల క్రింద ఒక్కొక్క కాగితము చేర్చుచు, ఎత్తు మారినపుడెల్ల ప్రతి తీయవలెను. వెండిరేణువులు దేనియందు స్ఫుటముగా కానవచ్చునో ఆ యెత్తునకే కాగితములను అతికించి, పిదప తాతగారి నెగటివును బయటికి తీయవలెను.