ఫోనులో అజాన్, పొరుగున మస్జిదు

ధార్మికత తగ్గిపోతోందని పెద్దలు బాధపడుతున్నారు. మునుపటికంటే తమకే ధర్మం గురించి ఎక్కువ తెలుసని యువతరం బదులిస్తోంది. ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే పూట వినిపిస్తున్నాయి. నిదానంగా ఆలోచిస్తే రెండింటిలోనూ కొంత నిజం కనిపిస్తుంది.

విశ్వాసం సన్నగిల్లిందన్న మాటనే ముందుగా పరిశీలిద్దాం. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సంస్థ 2019 చివరి నుంచి 2020 మార్చి దాకా మన దేశంలో సుమారు 30 వేల మందిని ప్రశ్నించి, 2021లో ఒక నివేదికను వెలువరించింది. తమ జీవితంలో మతానికి చాలా ప్రాముఖ్యం ఉందని అందులో 91 శాతం ముస్లింలు చెప్పారు. నోటితో చెప్పినదంతా ఆచరణ కాదన్నది వాస్తవమే. అయినా విశ్వాసం మన సమాజాన్ని విడిచిపోలేదనడానికి ఈ ఒక్క అంకె చాలు. మరి పెద్దల బాధకు కారణం ఏమిటి? మారింది విశ్వాసం కాదు, దాన్ని నేర్చుకునే చోటు. ఎవరి సమక్షంలో నేర్చుకుంటున్నాం, ఎవరితో కలిసి ఆచరిస్తున్నాం అన్నవి మారాయి. ఒకప్పుడు పదిమంది మధ్య సాగిన ధార్మిక జీవితం ఇప్పుడు మెల్లమెల్లగా ఒంటరి వ్యవహారంగా మారుతోంది. మనం ఆలోచించవలసింది ఈ మార్పు గురించే.

మార్పు మనకు కొత్త కాదు

కొత్త సాధనం వచ్చిన ప్రతిసారీ ముస్లిం సమాజం తటపటాయించింది, తర్కించింది, చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఢిల్లీకి చెందిన షా వలీయుల్లాహ్ (1703–1762) ఖుర్‌ఆన్‌ను పార్సీ భాషలోకి అనువదించారు. ఆ కాలంలో ఉత్తర భారతంలో చదువుకున్నవారి భాష అదే. ఆయన కుమారులు షా రఫీయుద్దీన్, షా అబ్దుల్ ఖాదిర్ ఉర్దూలోకి అనువదించారు. అరబీ తెలిసిన కొద్దిమందికే పరిమితమైన అర్థజ్ఞానం అలా సామాన్యుడి గడప దాకా వచ్చింది.

ముద్రణ విషయంలోనూ ఇదే జరిగింది. ఉస్మానియా సామ్రాజ్యంలో ఇబ్రాహీం ముతఫర్రిఖా 1727లో అచ్చుయంత్రానికి అనుమతి పొందినప్పుడు ధార్మిక గ్రంథాలను ముద్రించరాదన్న షరతు విధించారు. అక్కడ ఖుర్‌ఆన్ అచ్చులో రావడానికి శతాబ్దానికి పైగా పట్టింది. నేడు అచ్చువేసిన ఖుర్‌ఆన్ ప్రతి లేని ముస్లిం ఇల్లు ఉంటుందా?

లౌడ్‌స్పీకర్ వచ్చినప్పుడు మన ఉపఖండంలోని ఉలమా చేసిన చర్చ మరింత గమనింపదగినది. దాని ద్వారా వినిపించేది ఇమామ్ అసలు స్వరమేనా, లేక ఆ స్వరానికి ప్రతిధ్వనా? ప్రతిధ్వనే అయితే దాన్ని అనుసరించి రుకూ, సజ్దా చేసేవారి నమాజు నెరవేరుతుందా? ఈ సందేహంతో కొందరు ముఫ్తీలు మొదట్లో నమాజులో దాని వాడకాన్ని అంగీకరించలేదు. ఆ యంత్రం పనిచేసే తీరు స్పష్టమైన కొద్దీ అభిప్రాయాలు మారాయి. ముఫ్తీ ముహమ్మద్ షఫీ ఆధునిక పరికరాలకు సంబంధించిన ధర్మాదేశాలపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు.

ఈ చర్చలను తలచుకుని నవ్వుకునేవారున్నారు. కాని ఆ పండితుల ప్రశ్నను జాగ్రత్తగా చూడండి. ‘ఇది కొత్తదా, పాతదా?’ అని వారు అడగలేదు. ‘దీనివల్ల మన ఆరాధనకు ఏమవుతుంది?’ అని అడిగారు. నేడు మన చేతిలోని ఫోను గురించి మనం వేసుకోవలసిన ప్రశ్న కూడా అదే.

మన ఇళ్ళలో జరిగింది

తెలుగు నేలపై ముస్లిం కుటుంబాల కథ కొంత ప్రత్యేకమైనది. ఉర్దూ చదవగలిగిన ఇళ్ళలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ రాసిన ‘బిహిష్తీ జేవర్’, ముఫ్తీ కిఫాయతుల్లాహ్ రాసిన ‘తాలీముల్ ఇస్లాం’ వంటి పుస్తకాలే ఇంటి గ్రంథాలయం. కూతురికి పెళ్ళిచేసి పంపేటప్పుడు ‘బిహిష్తీ జేవర్’ను కానుకగా ఇచ్చే ఆనవాయితీ ఎన్నో కుటుంబాల్లో ఉండేది. పిల్లలు తెలుగు మాధ్యమంలో, తరువాత ఇంగ్లీషు మాధ్యమంలో చదవసాగేసరికి ఆ పుస్తకాలు అలమారాకే పరిమితమయ్యాయి. ఇక ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలకు ఆ ఉర్దూ పుస్తకాలు మొదటినుంచీ అందని పండ్లే.

ఆ లోటును తెలుగు పుస్తకాలు తీర్చాయి. 1920వ దశకంలోనే చిలుకూరి నారాయణరావుగారు ఖుర్‌ఆన్‌ను తెలుగులోకి అనువదించారు. ఆయన ముస్లిం కాకపోవడం మనం కృతజ్ఞతతో గుర్తుంచుకోవలసిన విషయం. ఆ తరువాత ముస్లిం పండితులు, సంస్థలు చేసిన అనువాదాలు, హదీసు సంకలనాలు, పత్రికలు వచ్చాయి. ఇప్పుడు అవన్నీ ఫోనులో ఇమిడిపోయాయి. ఆయతును తాకితే చాలు, అర్థం తెలుగులో కనిపిస్తుంది, ఖారీ స్వరం వినిపిస్తుంది. ఈజిప్టు ఖారీ మహమూద్ ఖలీల్ హుసరీ 1960వ దశకం ఆరంభంలో ఖుర్‌ఆన్ మొత్తాన్ని పఠించి రికార్డు చేయించారు. ఆ స్వరాన్ని నేడు మారుమూల పల్లెలోని గృహిణి వంట చేసుకుంటూ వింటోంది. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్ళిన తండ్రి వీడియో కాల్‌లో కొడుకు చేత సూరా ఫాతిహా చదివించుకుంటున్నాడు. ఇవి చిన్న వరాలు కావు. వీటికి అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. యువతరం తమకు ఎక్కువ తెలుసనడంలో ఉన్న నిజం ఇదే.

ఇప్పుడు రెండో నిజం వైపు, అంటే పెద్దల బాధ వైపు చూద్దాం.

విన్న అజాన్‌కు బదులెవరిస్తారు?

ఒక అంధ సహచరుడి వృత్తాంతం హదీసు గ్రంథాల్లో ఉంది. తనను మస్జిదుకు చేయిపట్టి తీసుకువచ్చేవారు లేరని, ఇంట్లోనే నమాజు చేసుకునేందుకు అనుమతి ఇవ్వమని ఆయన దైవప్రవక్త ముహమ్మద్ (స)ను కోరారు. ప్రవక్త (స) మొదట అనుమతించారు. ఆయన వెనుదిరిగాక మళ్ళీ పిలిచి, అజాన్ పిలుపు వినిపిస్తుందా అని అడిగారు. వినిపిస్తుందని ఆయన చెప్పగా, అయితే ఆ పిలుపుకు స్పందించాలని బోధించారు.

అజాన్ కేవలం సమయాన్ని తెలిపే గంట కాదని ఈ వృత్తాంతం తెలుపుతోంది. అది ఒక చోటికి రమ్మనే పిలుపు. ఫోనులో మోగే అజాన్ సమయాన్ని చెప్పగలదేగాని ఎక్కడికీ పిలవలేదు. వేలితో నొక్కితే ఆగిపోతుంది. సామూహిక నమాజుకు ఒంటరి నమాజు కన్నా 27 రెట్లు పుణ్యం ఉందని ప్రవక్త (స) తెలిపారు. ఆ పుణ్యంతోపాటు అక్కడ మరో మేలు కూడా ఉంది. రోజూ మన పక్కన నిలబడే వృద్ధుడు రెండు రోజులు కనిపించకపోతే ఆయన జబ్బుపడ్డారేమోనని మనకు తోస్తుంది. ఫోనుకు ఆ సంగతి తెలియదు.

సమయం విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. మన ప్రాంతంలో అత్యధికులు హనఫీ విధానాన్ని అనుసరిస్తారు. ఆ విధానంలో, మిట్టమధ్యాహ్నం ఉండే నీడను మినహాయించి, వస్తువు నీడ దానికి రెండింతలు అయినప్పుడు అస్ర్ వేళ మొదలవుతుంది. ఇతర విధానాల్లో నీడ ఒకింత అయితే చాలు. మన తెలుగు ప్రాంతాల్లో ఈ రెంటి మధ్య చలికాలంలో దాదాపు ముప్పావు గంట, ఎండాకాలంలో గంటకు పైగా తేడా వస్తుంది. ఫోనులోని యాప్ ఏ లెక్కను పాటిస్తోందో చాలామంది చూసుకోరు. మస్జిదు గోడపై వేలాడే సమయపట్టికతో ఒకసారి సరిపోల్చుకుంటే ఈ చిక్కు తీరిపోతుంది. అయితే సరిపోల్చుకోవడానికైనా మస్జిదుకు వెళ్ళాలి కదా!

గురువు ఎదుట కూర్చోవడం

ప్రతి రమజాన్‌లోనూ జిబ్రీల్ (అలై) వచ్చి ప్రవక్త (స)తో కలిసి ఖుర్‌ఆన్‌ను పునశ్చరణ చేసేవారు. ప్రవక్త (స) జీవితంలోని చివరి సంవత్సరం ఆ పునశ్చరణ రెండుసార్లు జరిగింది. ఎవరి హృదయంపై దైవవాణి అవతరించిందో ఆయన సైతం ఎదురెదురుగా కూర్చుని వినిపించిన విద్య ఇది. హాఫిజ్‌లు, ఖారీలు నేటికీ తమ విద్యను గురువు నోట విని, గురువుకు వినిపించి సరిచూసుకుంటున్నారు.

రికార్డు మనకు వినిపిస్తుంది. మనం చదివేది అది వినదు. అరబీలో ‘సీన్’, ‘సాద్’ వేర్వేరు అక్షరాలు. ‘హా’ అక్షరాలూ రెండున్నాయి. తెలుగు నాలుకకు ఈ తేడాలు సులభంగా పట్టుబడవు. పిల్లవాడి నోట తప్పు దొర్లిన క్షణంలోనే ఆపి దిద్దే మనిషి ఎదుట ఉండాలి. మక్తబ్‌లో ఉస్తాద్ దిద్దేది ఉచ్చారణ ఒక్కటే కాదు. వజూ చేసే తీరు, పెద్దలకు సలాం చెప్పే పద్ధతి, ఖుర్‌ఆన్‌ను చేతుల్లోకి తీసుకునే మర్యాద కూడా ఆయన్ని చూసే పిల్లలు నేర్చుకుంటారు.

ప్రశ్న అడగని జవాబు

ధర్మసందేహాల విషయంలో పరిస్థితి మరింత సున్నితం. ఒక ఇంటి పెద్ద మరణించాడనుకుందాం. వారసత్వం గురించి యూట్యూబులో వెతికితే కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు అన్న సమాధానం దొరుకుతుంది. అది అబద్ధం కాదు. కాని ముఫ్తీ దగ్గరకు వెళ్తే ఆయన ముందుగా మనల్నే ప్రశ్నిస్తాడు. మృతుడికి అప్పులున్నాయా? వీలునామా రాశాడా? భార్య బతికి ఉందా? తల్లిదండ్రులున్నారా? అప్పులు, ధర్మసమ్మతమైన వీలునామా తీరిన తరువాతే పంపకం మొదలవుతుంది. మృతుడికి సంతానం ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు చెందుతుంది. ఈ ప్రశ్నలు అడిగేవారు లేనిచోట, సగం తెలిసిన జవాబుతో వితంతువు హక్కు, కూతురి హక్కు మట్టిలో కలిసిపోయే ప్రమాదముంది. విడాకుల విషయంలో, వడ్డీతో ముడిపడిన లావాదేవీల విషయంలో కూడా అంతే. వీడియో అందరినీ ఉద్దేశించి మాట్లాడుతుంది. మన పరిస్థితిని అది అడిగి తెలుసుకోదు.

జకాత్ ఎటు వెళ్తోంది?

జకాత్ చెల్లింపు నేడు నిమిషంలో పూర్తవుతోంది. నిసాబ్‌కు మించి సంపద ఉన్నవారు ఏడాది గడవగానే రెండున్నర శాతం లెక్కకట్టి ఫోనులోనే పంపేస్తున్నారు. దూరాన విపత్తులో చిక్కుకున్నవారికి సాయం ఇంత త్వరగా అందడం గొప్ప మేలు. అయితే దైవప్రవక్త (స) ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపుతూ, జకాత్‌ను అక్కడి ధనికుల నుంచి తీసుకుని అక్కడి పేదలకే పంచాలని బోధించారు. బంధువుల కోసమో, అవసరం మరింత తీవ్రంగా ఉన్న ప్రాంతం కోసమో వేరేచోటికి పంపడాన్ని పండితులు అనుమతించారు. కాని మొదటి దృష్టి మాత్రం చుట్టుపక్కల వారిపైనే ఉండాలి. మన వీధిలోని వితంతువు తన ఫొటోతో ప్రకటన ఇవ్వదు. చేయి చాచని పేదవాడి అవసరం అతని గుమ్మం ముందు నడిచేవారికే తెలుస్తుంది.

మూతపడిన రోజులు నేర్పినది

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏటి రమజాన్‌లో తరావీహ్ నమాజులు ఇళ్ళలోనే జరిగాయి. ఎన్నో ఇళ్ళలో తండ్రి మొదటిసారి ఇమామ్‌గా నిలబడ్డాడు. వెనుక కొడుకులు, వారి వెనుక తల్లి, కూతుళ్ళు నిలబడ్డారు. తనకు కంఠస్థమైన సూరాలు ఎంత తక్కువో ఎందరో తండ్రులకు అప్పుడే తెలిసింది. అది సిగ్గుపడి ఊరుకోవలసిన సంగతి కాదు, నేర్చుకోవడానికి దొరికిన అవకాశం. సాధనాలన్నీ చేతిలో ఉన్నా, ఇంటిని ఒక జమాఅత్‌గా నిలబెట్టింది మాత్రం ఒక మనిషే. మస్జిదు తలుపులు తెరుచుకున్నా ఇంటికి ఆ బాధ్యత తీరిపోదు.

హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనాకాలంలో ఒక రమజాన్ రాత్రి మస్జిదుకు వెళ్ళినప్పుడు కొందరు ఒంటరిగా, కొందరు చిన్నచిన్న గుంపులుగా నమాజు చేస్తూ కనిపించారు. అందరూ ఆరాధనలోనే ఉన్నారు. అయినా ఆయన వారందరినీ ఉబయ్ బిన్ కఅబ్ (రజి) వెనుక ఒకే జమాఅత్‌గా నిలబెట్టారు. నేడు మనం కూడా అలాగే విడివిడిగా ఉన్నాం. ఒకే ఇంట్లో నలుగురు నలుగురు వక్తల ప్రసంగాలను చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నారు. ఎవరూ తప్పు చేయడం లేదు. కాని ఎవరు ఏం విన్నారో పక్కవారికి తెలియదు.

దీనికి పరిష్కారం ఫోనును పారవేయడం కాదు. ఒంటరిగా విన్నదాన్ని పదిమందిలోకి తేవడం. రోజుకు ఒక్క నమాజునైనా పిల్లవాడి చేయిపట్టుకుని మస్జిదులో చేయండి. మస్జిదుకు వెళ్ళలేని ఆడపిల్లలతో, అమ్మతో, నాన్నమ్మతో ఇంట్లో ఒక నమాజును జమాఅత్‌గా నిలబెట్టండి. ఇషా తరువాత పది నిమిషాలు కూర్చుని తెలుగు అనువాదంలో నాలుగు ఆయతులను ఒకరు చదవగా మిగతావారు వినండి. ఫోనులో విన్న ధర్మసందేహాన్ని ఒక కాగితంపై రాసుకుని, తెలిసిన ఆలిమ్‌ను కలిసి అడగండి. జకాత్ లెక్కకట్టే ముందు మీ వీధిని ఒకసారి నడిచి చూడండి.

మన పిల్లలు మనకంటే ఎక్కువ సమాచారంతో పెరుగుతున్నారు. వారికి దొరకకుండా పోతున్నది పక్కన నిలబడి నమాజు చేసే భుజం, తప్పును ప్రేమతో దిద్దే నోరు. ఆ రెండూ మనమే ఇవ్వాలి. అందుకు తగిన తీరికను, సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.