కడుపులోని తోడు

సూక్ష్మజీవి అనే మాట వినగానే సామాన్యునికి స్ఫురించేది రోగం. కలరా, క్షయ వంటి వ్యాధులకు మూలం బాక్టీరియా అని పందొమ్మిదవ శతాబ్దిలో శాస్త్రజ్ఞులు నిరూపించిన నాటి నుండి మానవుడు ఈ జీవులను శత్రువులుగానే భావిస్తూ వచ్చాడు. నిజానికి వీటిలో రోగకారకాలు బహు స్వల్పం. తెలుగు ఇంట రాత్రివేళ గోరువెచ్చని పాలలో వేసే చెంచాడు తోడులో ఉండేవి కూడా బాక్టీరియాలే. పాలను పెరుగుగా మార్చే ఆ తోడు వంటిదే మరొకటి ప్రతి మనిషి కడుపులోనూ ఉన్నది. దానిని ఎట్లా నిలుపుకోవాలన్నది, స్వదేశం విడిచి వచ్చిన కుటుంబాలు ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం.

ఎన్ని ఉన్నాయి? ఏమి చేస్తాయి?

మానవ శరీరంలో స్వంత కణాలకన్న బాక్టీరియా పదింతలు అధికమని చాలాకాలం చెప్పుకునేవారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ విజ్ఞాన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 2016లో ఈ లెక్కను సరిచేశారు. 70 కిలోల బరువుగల మనిషిలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా, 30 లక్షల కోట్ల స్వంత కణాలు ఉంటాయని వారి అంచనా. ఇన్ని జీవుల మొత్తం బరువు 200 గ్రాములే. జీర్ణాశయంలోని ఆమ్లానికి తట్టుకొనగలిగేవి కొద్ది. అందువలన వీటిలో అత్యధిక భాగం పెద్దప్రేగులోనే నివసిస్తాయి.

ధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లలోని పీచుపదార్థాన్ని జీర్ణించుకొనే ఎంజైములు మానవునికి దాదాపు లేవు. అది పెద్దప్రేగు వరకు చెక్కుచెదరకుండా చేరుతుంది. అక్కడి బాక్టీరియా దానిని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే పదార్థాలను తయారుచేస్తాయి. పెద్దప్రేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం ఈ బ్యుటిరేటే. అంటే మనిషి తినే పీచు మొదట బాక్టీరియాకు ఆహారమై, అవి విడిచినది తిరిగి మనిషికి ఆహారమవుతున్నది. కె విటమినును, కొన్ని బి విటమినులను కూడా ఇవి తయారుచేస్తాయి. హానికర జీవులకు చోటు దక్కకుండా అడ్డుపడతాయి. ఎవరు మిత్రుడో, ఎవరు శత్రువో గుర్తించే శిక్షణను వ్యాధినిరోధక వ్యవస్థకు పసితనం నుండే ఇస్తాయి.

పీచు అందనప్పుడు ఈ మిత్రులు ఏమి చేస్తాయి? ఆకలిగొన్న బాక్టీరియా ప్రేగు గోడను కాపాడే జిగురుపొరనే తినడం ప్రారంభిస్తాయని ఎలుకలపై జరిపిన పరిశోధనలు తెలుపుతున్నాయి.

తల్లి పెట్టిన తోడు

శిశువుకు ఈ తోడు ముఖ్యంగా తల్లి నుండి లభిస్తుంది. ప్రసవ సమయంలో కొంత, పాల ద్వారా కొంత, స్పర్శ వలన కొంత. తల్లిపాలు త్రాగే శిశువుల ప్రేగులలో ఒక ప్రత్యేకమైన బాక్టీరియా ఉన్నదని 1899లో పారిస్‌లో హెన్రీ టిసియే కనుగొన్నాడు. దానినే నేడు బైఫిడోబాక్టీరియా అంటున్నారు. తల్లిపాలలో శిశువు ఏమాత్రం జీర్ణించుకొనలేని చక్కెర పదార్థాలు కొన్ని ఉన్నాయి. అవి శిశువు కొరకు కాక, శిశువు కడుపులోని ఈ బాక్టీరియా కొరకు ప్రకృతి సిద్ధం చేసిన భోజనం.

మందుల మేలు, కీడు

ప్రేగులలోని బాక్టీరియా తమ స్థానం తప్పినప్పుడు హాని కూడా చేయగలవు. చిన్నప్రేగులో అవి మితిమీరి పెరగడానికి సంబంధమున్న ‘స్ప్రూ’ అనే వ్యాధి 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరిని బలిగొన్నది, ఆయననూ పీడించింది. 1923లో అమెరికా చేరిన సుబ్బారావు, తరువాత లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో అదే మొదటిది. ఉష్ణదేశాల స్ప్రూ వ్యాధికి నేటికీ ఇచ్చే చికిత్స ఫోలిక్ ఆమ్లమూ, టెట్రాసైక్లిన్ వర్గపు మందూ కావడం విశేషం.

అయితే ఇటువంటి యాంటీబయోటిక్ మందులకు శత్రుమిత్ర భేదం తెలియదు. రోగకారకాలతోపాటు మేలుచేసే బాక్టీరియా కూడా నశిస్తాయి. ఖాళీ అయిన స్థలాన్ని క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా ఆక్రమిస్తే ప్రాణాంతకమైన విరేచనాలు కలుగవచ్చు. ఆరోగ్యవంతుల మలంలోని బాక్టీరియాను ఇటువంటి రోగుల ప్రేగులలో ప్రవేశపెడితే గుణం కనిపిస్తుందని నెదర్లాండ్స్‌లో జరిగి 2013లో ప్రచురితమైన పరీక్ష నిరూపించింది. ఆ విధమైన ఔషధాలకు అమెరికా ప్రభుత్వం 2022, 2023లలో అనుమతినిచ్చింది. వినడానికి రోత పుట్టించినా, ఇదీ ఒక విధమైన తోడు పెట్టడమే. వైరస్‌ల వలన కలిగే జలుబుకు యాంటీబయోటిక్ పనిచేయదు కనుక, వైద్యుని సలహా లేకుండా ఇంట్లో మిగిలిన మాత్రలను వాడడం తగదు.

వలసతో వచ్చే మార్పు

ఆగ్నేయాసియా నుండి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి వచ్చిన హ్మాంగ్, కరెన్ జాతుల స్త్రీలపై జరిగిన పరిశోధన 2018లో ప్రచురితమైంది. వలస వచ్చిన కొద్ది నెలలలోనే వారి ప్రేగులలో పీచును జీర్ణంచేసే స్వదేశీ బాక్టీరియా తగ్గి, అమెరికనులలో కనిపించే రకాలు పెరిగాయి. సంవత్సరాలు గడిచినకొద్దీ రకాల సంఖ్య తగ్గింది. అమెరికాలో పుట్టిన రెండవ తరంలో ఆ నష్టం ఇంకా అధికం. ఈ మార్పుకు ఆహారం ఒక్కటే పూర్తి కారణం కాదని కూడా ఆ పరిశోధన తేల్చింది. ఆ స్త్రీలు తెలుగువారు కారు. అయినా అన్నం, ఆకుకూరలు తిని పెరిగి, పరదేశపు అంగడి తిండికి అలవాటుపడే కథ తెలుగువారికి కొత్తది కాదు.

పీచులేని ఆహారం తిన్న ఎలుకలలో తరతరానికి బాక్టీరియా రకాలు అంతరించాయని, నాలుగు తరాల తరువాత పీచు తిరిగి పెట్టినా అవి రాలేదని 2016లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు చూపారు. తోడు మిగల్చని ఇంట పాలు ఎన్ని ఉన్నా పెరుగు కానట్లే ఇది.

ఆశాజనకమైన ఫలితాలూ ఉన్నాయి. 2015లో ప్రచురితమైన ప్రయోగంలో 20 మంది ఆఫ్రికన్ అమెరికనులకు పీచు సమృద్ధిగాగల దక్షిణాఫ్రికా గ్రామీణ ఆహారాన్ని, 20 మంది దక్షిణాఫ్రికా గ్రామీణులకు అమెరికను ఆహారాన్ని ఇచ్చారు. రెండు వారాలలోనే మొదటివారి పెద్దప్రేగులలో బ్యుటిరేట్ పెరిగి, కాన్సరు ముప్పును సూచించే లక్షణాలు తగ్గాయి. రెండవవారిలో దీనికి విరుద్ధంగా జరిగింది.

కంచంలో ఏముండాలి?

రోజుకు స్త్రీలకు 25, పురుషులకు 38 గ్రాముల పీచు అవసరమని అమెరికా పోషకాహార నిపుణుల సూచన. ఒక కప్పు తెల్ల అన్నంలో ఒక గ్రామైనా ఉండదు. ఒక కప్పు ఉడికించిన కాబూలీ సెనగలలో సుమారు 12 గ్రాములు ఉంటాయి. జొన్నరొట్టె, రాగిసంకటి, తోటకూర, గోంగూర, గోరుచిక్కుడు, పెసలు, అలసందలు అన్నీ ఈ మిత్రులకు విందే. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది కనుక క్రమంగా పెంచడం మంచిది.

పులిసిన పదార్థాలన్నీ ఒకటి కావు. ఇడ్లీపిండిని పులియబెట్టే బాక్టీరియా ఆవిరిలో ఉడికేటప్పుడు చనిపోతాయి. పెరుగు, మజ్జిగలలో అవి సజీవంగా ఉంటాయి. దుకాణంలో కొనే పెరుగు డబ్బాపై సజీవ బాక్టీరియా ఉన్నట్లు వ్రాసి ఉన్నదో లేదో చూడవలసి ఉంటుంది. పులిసిన ఆహారాన్ని పది వారాలు అధికంగా తిన్నవారి ప్రేగులలో బాక్టీరియా రకాలు పెరిగాయని 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన తెలిపింది. కానీ పెరుగులోనివైనా, మాత్రలలోనివైనా ఈ బాక్టీరియా సాధారణంగా ప్రేగులలో శాశ్వతంగా నిలవవు. కనుక రోజూ కొంత తినడమే ప్రయోజనకరం.

పరదేశంలో పెరిగే పిల్లలకు భాషను, పండుగలను అందించాలని తల్లిదండ్రులు ఎంతో శ్రమిస్తారు. కంటికి కనిపించని ఈ వారసత్వం కూడా వారికి అందవలసినదే. అందుకు బడి అక్కరలేదు, పుస్తకం అక్కరలేదు. పిల్లల కంచంలో అన్నం పక్కన పప్పు, ఆకుకూర, చివర కాస్త పెరుగు ఉంటే చాలు.