బంతి వెళ్లే దారిలో ఎవరున్నారు?

గోల్ఫ్‌లో ప్రమాదమేముంది, పచ్చిక మీద షికారే కదా! మేమూ చాలాకాలం ఈ మాటే అన్నాం. క్రికెట్‌కు హెల్మెట్టూ ప్యాడ్లూ కావాలి గానీ దీనికి టోపీ చాలదా అనుకున్నాం. కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున మా నలుగురిలో ఒకరు కొట్టిన బంతి కుడిపక్కకు వంపు తిరిగి, ముందు పొదల దగ్గర నిలబడిన కుర్రాడి భుజానికి తగిలింది. జానెడు పైకి తగిలి ఉంటే కణతే. అతను అక్కడ నిలబడింది మా బంతి ఎక్కడ పడుతుందో చూసిపెట్టడానికే. "ఏం కాలేదు సార్, మీరు ఆడండి" అన్నాడు. మూడు వారాలు సంచి మొయ్యలేకపోయాడని తర్వాత తెలిసింది. సంచి మొయ్యని రోజు అతనికి కూలి లేదు.

ఈ సంచిక అందుకునే దాతల్లో సెలవునాడు గోల్ఫ్ ఆడేవారు ఉన్నారు, పిల్లలకు కొత్తగా నేర్పిస్తున్నవారూ ఉన్నారు. వారికి పనికొస్తాయని మాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాం.

గోల్ఫ్ బంతి బరువు నిబంధనల ప్రకారం 45.93 గ్రాములు మించకూడదు. చూడటానికి నిమ్మకాయంత. కానీ మామూలు ఆటగాడు డ్రైవర్‌తో సరిగ్గా తగిలించినా అది గంటకు 200 కిలోమీటర్ల దరిదాపు వేగంతో బయల్దేరుతుంది. 2018లో ఫ్రాన్స్‌లో జరిగిన రైడర్ కప్ పోటీలో ప్రపంచస్థాయి ఆటగాడు కొట్టిన బంతి తగిలి ఒక ప్రేక్షకురాలు కుడికంటి చూపు పోగొట్టుకున్నారు. అంతటివారి బంతే దారి తప్పినప్పుడు మన బంతి సంగతి చెప్పాలా?

కుడిచేతి వాటం ఉన్న కొత్త ఆటగాళ్లలో చాలామంది బంతి కుడికే వంగుతుంది. కాబట్టి ఎదురుగా ఫెయిర్‌వే ఖాళీగా ఉంటే చాలదు, కుడిపక్క హోల్‌లో ఎవరున్నారో కూడా చూడాలి. ముందు జట్టు ఎంత దూరం వెళ్లాక కొట్టాలి? మనం రోజూ కొట్టే దూరం లెక్క కాదు, ఇన్నేళ్లలో ఒక్కసారి అదృష్టం కొద్దీ కొట్టిన అతి పెద్ద షాట్ లెక్క. గచ్చిబౌలి వైపు బండల నడుమ ఆడేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. రాయికి తగిలిన బంతి కొట్టినవారి మీదికే తిరిగి రావచ్చు.

బంతి పక్కకు పోయిందని తెలిసిన క్షణంలోనే "ఫోర్!" అని గొంతెత్తి అరవాలి. మనవాళ్లకు ఇక్కడ మొహమాటం. పెద్దమనుషుల మధ్య అరిస్తే బాగుండదని అర సెకను ఆగుతారు. ఆ అర సెకనులోనే బంతి పాతిక మీటర్లు పోతుంది. ఆ కేక వినిపిస్తే బంతి ఎటు వస్తోందా అని తలెత్తి చూడకూడదు. రెండు చేతులతో తల కప్పుకుని, వీపు తిప్పి, వంగిపోవాలి.

మన దేశంలో కొన్ని కోర్సుల్లో బంతి పడే చోటు చూడటానికి ముందుకు పంపే మనిషిని "ఆగేవాలా" అంటారు. ఆగేవాలా అంటే ముందుండేవాడు, అంతేగానీ మనల్ని ఆగమనగలిగినవాడు కాదు. గడ్డి కోసే ఆడవాళ్లు, పైపులు మార్చే కూలీలు కూడా అంతే. తలవంచుకుని పనిలో ఉంటారు, మనం కొట్టబోతున్న సంగతి వాళ్లకు తెలియదు. 2019కి ముందున్న నియమావళిలో మర్యాద అధ్యాయం ఒకటి ఉండేది. దగ్గరలో గానీ ముందు గానీ పనివారుంటే, వారికి ప్రమాదం కలిగించే షాట్ కొట్టేముందు హెచ్చరించాలని అందులో స్పష్టంగా ఉంది. ఇప్పుడు మేము చెయ్యెత్తి చూపి, వాళ్లు తిరిగి చెయ్యెత్తాకే కొడుతున్నాం. వెనక జట్టు విసుక్కుంటుంది. విసుక్కోనివ్వండి.

ఇక పిడుగు. 1975లో షికాగో దగ్గర వెస్టర్న్ ఓపెన్ ఆడుతుండగా లీ ట్రెవినో, జెర్రీ హెర్డ్, బాబీ నికోల్స్ పిడుగుపాటుకు గురయ్యారు. ముగ్గురూ బతికారు గానీ ట్రెవినోకు వెన్నునొప్పి మిగిలింది, ఆపరేషన్ దాకా వెళ్లింది. 1991 యూఎస్ ఓపెన్‌లో వానకు చెట్టు కింద చేరినవారి మీద పిడుగు పడి ఒక ప్రేక్షకుడు చనిపోయాడు. ఉరుము వినిపించిందంటే మనం పిడుగుకు అందే దూరంలో ఉన్నట్టే. చెట్టు కిందికి, రేకుల పందిరి కిందికి పోకూడదు. పక్కలు తెరిచి ఉండే గోల్ఫ్ బండి కూడా కాపాడదు. క్లబ్ భవనంలోకో, అద్దాలెత్తిన కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పోటీలో ఉన్నా సరే, పిడుగు ప్రమాదం ఉందని సబబుగా అనిపిస్తే ఆటగాడు తానే ఆట ఆపవచ్చని నిబంధన ఉంది. ఆడుతుండగా ఒకే పొడవైన సైరన్ మోగితే తక్షణం ఆపాలని అర్థం. పుణెలోని కేంద్ర వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఫోన్‌లో ఉంటే ముందే తెలుస్తుంది. తొలకరి రోజుల్లో మేము అది చూడకుండా టీ దగ్గరికి పోము.

పొదల్లో బంతి వెతకడానికి నిబంధనలు ఇచ్చేది మూడే నిమిషాలు. అంతకన్నా వెతకకండి, ముందు క్లబ్‌తో కదిపి చూడనిదే చెయ్యి పెట్టకండి, చూసి రమ్మని క్యాడీని పంపకండి. రక్తపింజరికి మన స్కోరుతో పనిలేదు. బంతి పక్కన పాము గానీ తేనెటీగలు గానీ ఉంటే, పెనాల్టీ లేకుండా బంతిని పక్కకు మార్చుకునే వీలు నిబంధనల్లోనే ఉంది.

ఎండ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రోహిణి కార్తెలో పొద్దున తొమ్మిదికల్లా ముగించాలి. నీళ్లసీసా మనకొకటి, క్యాడీకొకటి.

సాధారణ బీమా కంపెనీలు గోల్ఫ్ ఆటగాళ్లకోసం పాలసీలు అమ్ముతాయి. మన బంతి వల్ల ఇతరులకు గాయమైతే పరిహారం ఇచ్చే ఏర్పాటు వాటిలో ఉంటుంది. క్యాడీకి తగిలినా వర్తిస్తుందా అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. మా దగ్గర అప్పుడు ఏ పాలసీ లేదు. ఆ కుర్రాడికి మూడు వారాల కూలి మేము ఇచ్చింది రెండు నెలల తర్వాత. అదీ అతను అడిగి కాదు, ఇంకో క్యాడీ చెబితే తెలిసి.