సానపెడితే పోయే చరిత్ర

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దళం కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డ నాటికి కోల్ట్ రివాల్వర్‌కు అమెరికాలో పేటెంటు వచ్చి పదేళ్లే. అప్పటి సిపాయి తుపాకీ ఒక్క దెబ్బకే ఖాళీ. గొట్టం మూతిలోంచి మళ్లీ మందు పోసి, గుండు వేసి, కమ్మీతో కూరాలి. ఈలోగా ఎదుటివాడు మీదపడేవాడు.

ఆ చిక్కు తీర్చింది శామ్యూల్ కోల్ట్. 1830లో పదహారేళ్ల కుర్రాడిగా ‘కోర్వో’ అనే ఓడెక్కి కలకత్తాకు బయల్దేరి, దారిలోనే కొయ్యతో నమూనా చెక్కాడట. ఓడ చక్రం చూస్తే ఆలోచన తట్టిందన్నాడు. నాకైతే అనుమానమే. ఎలీషా కోలియర్ చేసిన, సిలిండర్ తిరిగే చెకుముకి తుపాకీ అప్పటికే ఉంది. కోల్ట్ గొప్పతనం మరోచోట ఉంది. సుత్తిని వెనక్కి లాగితే లోపలి చిన్న మీట సిలిండర్ వెనకాల పళ్లను తోస్తుంది. ఆరు గదులుంటే సరిగ్గా 60 డిగ్రీలు తిరిగి, కింద ఒక కొక్కెం గాడిలో పడి కదలకుండా పట్టేస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా గుండు గొట్టం అంచుకు తగులుతుంది. 1836లో అమెరికాలో పేటెంటు వచ్చింది. 1851 లండన్ ప్రదర్శనలో కోల్ట్‌కు రాబర్ట్ ఆడమ్స్ పోటీకొచ్చాడు. తర్వాత లోహపు తూటాలొచ్చాయి, 1887లో బ్రిటిష్ సైన్యం వెబ్లీ రివాల్వర్‌ను తీసుకుంది.

ఇలాంటి పాత రివాల్వర్లను సేకరించేవాళ్లు ముందు చూసేది నంబర్లు. చట్రం, గొట్టం, సిలిండర్ మీద ఉండాల్సినచోట ఒకే నంబరు ఉంటే అవి మొదటినుంచీ కలిసున్న భాగాలని నమ్మొచ్చు. తర్వాత ముద్రలు, పై రంగు. మెరుపు కోసం ఎమరీ కాగితంతో రుద్దితే ముద్రలూ అరిగిపోతాయి, వస్తువు వెలా పడిపోతుంది. మాసిన గోధుమరంగు పొర తప్పు కాదు, అది దాని వయసు. పొరలు పొరలుగా లేచే ఎర్ర తుప్పే శత్రువు.

ఆ తుప్పుకు మూలం తేమ. బెలుం గుహల్లోకి దిగినవాళ్లకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, పలచని ఆమ్లమై, సున్నపురాయిని కరిగించి 3,229 మీటర్ల ఆ సొరంగాలను తొలిచింది. ఇనుముకు ఆమ్లం కూడా అక్కర్లేదు. తేమ, గాలి, కాస్త ఉప్పు చాలు. ఆ ఉప్పు మన చేతి చెమటలోనే ఉంది. పాత మందు కాలాక మిగిలే పొటాషియం లవణాలు గాలిలోని తేమను లాగుతూనే ఉంటాయి. అందుకే నూలు గ్లౌజులు వేసుకోవాలి, లోహానికి పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం పట్టించాలి, పెట్టెలో సిలికా జెల్ సంచి పెట్టాలి. తోలు ఒరలో మాత్రం పెట్టకూడదు. పదును చేసిన తోలులోని ఆమ్లం ఇనుమును తినేస్తుంది, ఇత్తడికి చిలుము పట్టిస్తుంది.

1884లో బెలుం గుహల గురించి రాసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ కూడా సేకరణ పిచ్చివాడే. ఆయన ఏరిన రాతి పనిముట్లకు మద్రాసు మ్యూజియంలో ఇప్పటికీ విలువ ఉందంటే, ఏది ఎక్కడ దొరికిందో పట్టికలో రాసిపెట్టడం వల్లే. పాత రివాల్వర్‌కూ అంతే. ఎవరిది, ఎలా చేతికొచ్చింది అన్న కాగితం లేకపోతే అది ఉత్త ఇనుప ముక్క.

మన దగ్గర ఇంకో కాగితమూ కావాలి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధానికే. పేల్చే వీలున్నది ఎంత పాతదైనా లైసెన్సు ఉండాల్సిందే. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒకరి దగ్గర అలాంటి తుపాకులు రెండుకు మించి ఉండకూడదు. తాతగారి భోషాణంలో రివాల్వర్ బయటపడితే తూటా లోపలే ఉందనుకోండి. సిలిండర్ తిప్పొద్దు, నూనె పుయ్యొద్దు, ఫొటో తీసి బేరం పెట్టొద్దు. ముందు పోలీస్ స్టేషన్‌కు కబురు చేయండి.