మేలుకొన్న కంప్యూటర్‌కు కలిగే సందేహం

జంషెడ్‌పూర్ గోవింద్‌పూర్‌లో ఒక విద్యార్థి ‘ఎజెక్ట్’ నొక్కకుండానే కంప్యూటర్‌ను నిద్రపుచ్చి భోజనానికి లేచాడనుకుందాం. పెన్‌డ్రైవ్ దానికే ఉన్నది. యు.ఎస్.బి. 2.0 పరికరం పనివేళ 500 మిల్లీఆంపియర్ల వరకు తీసుకోవచ్చు, నిద్రలో 2.5కు మించరాదు. కొన్ని యంత్రాలు ఆ కాస్త విద్యుత్తునూ నిలిపివేస్తాయి.

విద్యుత్తు తెగితే పరికరాన్ని ఊడదీసినట్టే లెక్క! మేలుకొన్న కంప్యూటర్‌కు సందేహం: ఇది పాతదేనా, మరొకటా? కొత్తదనుకుంటే సగం వ్రాసిన ఫైలు చెడవచ్చు. అందుకే లినక్స్ తయారీదారు గుర్తునూ, క్రమసంఖ్యనూ పోల్చి, సరిపోతే పాతదేనని నమ్ముతుంది.

చిక్కంతా ఆ నమ్మకంలోనే ఉన్నది. ఈలోగా తమ్ముడు పెన్‌డ్రైవ్‌ను మరో కంప్యూటర్‌లో పెట్టి, ఏదో వ్రాసి, మళ్ళీ యథాస్థానంలో ఉంచితే? సంఖ్యలు మారవు, లోపలి సరుకు మారుతుంది. యంత్రం మాత్రం పాత లెక్క ప్రకారమే వ్రాసుకుపోతుంది. అన్న వ్రాసినదీ, తమ్ముడు వ్రాసినదీ రెండూ పాడుకావచ్చు.