ట్యాంకరు వెనకాల గొలుసు

విశాఖ ద్వారకా నగర్‌లో కారు దిగి తలుపు వెయ్యబోయిన మనిషి ‘అబ్బా’ అని చెయ్యి లాక్కుంటే, పక్కనున్నవాళ్ళు చెప్పే మందు ఒకటే. వెనక బంపరు కింద నేలకు రాసుకునేలా ఒక రబ్బరు పట్టీ వేలాడదియ్యమంటారు. మల్కాపురం నుంచి వచ్చే పెట్రోలు ట్యాంకర్లు చూడలేదా, వాటికి గొలుసు ఊరికే కట్టారా అంటారు. ఊరికే కట్టలేదు, నిజమే. కానీ ఆ గొలుసుకు వచ్చిన పేరుకీ, అది చేసిన పనికీ పొంతన లేదు.

మోటారు బండ్ల తొలి రోజుల్లో టైర్లు నల్లగా ఉండేవి కావు. రబ్బరు సహజంగా పాల రంగు. జింక్ ఆక్సైడ్ కలిపితే ఇంకా తెలుపు. రెండు వేరువేరు పదార్థాలు అంటుకుని విడిపోయినప్పుడల్లా ఒకదాని ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదానితో వెళ్ళిపోతాయి. చక్రం దొర్లడమంటే రోడ్డును అంటుకోవడం, విడిపోవడం, మళ్ళీ అంటుకోవడమే. అలా బండిలో చేరిన ఛార్జి దిగిపోవడానికి రబ్బరు దారివ్వదు. ఆ బండి నిండా పెట్రోలుంటే? అందుకని చాసిస్‌కి ఇనప గొలుసు తగిలించి రోడ్డు మీద ఈడ్చారు. ఖర్చు తక్కువ, చూడగానే ధైర్యం.

చిక్కేమిటంటే, గొలుసు గతుకుల్లో ఎగురుతుంది. కొస అరిగి నేలకు అందదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎండిన తారు రోడ్డులోంచి కరెంటు పోవడమే కష్టం. గొలుసు తాకినా ఛార్జి ఎటు పోతుంది? ఈలోగా 1910ల నుంచి టైర్లు త్వరగా అరిగిపోకుండా రబ్బరులో కార్బన్ బ్లాక్, అంటే మెత్తటి మసి, కలపడం పెరిగింది. బలం కోసం కలిపిన మసి కరెంటుకు దారి కూడా ఇచ్చింది. నల్ల టైరు మెల్లమెల్లగా ఛార్జిని దింపేస్తుంటే, గొలుసు మాత్రం రిటైరయ్యాక కూడా రోజూ ఆఫీసుకొచ్చి కూర్చునే గుమాస్తాలా వెంటపడుతూనే ఉంది.

ట్యాంకరుకు అసలు గండం రోడ్డు మీద కాదు, నింపేచోట. విశాఖ రిఫైనరీ లాంటి చోట లోడింగ్ గ్యాంట్రీ కింద ట్యాంకరు ఆగాక మొదట చేసే పని ఎర్తింగ్ క్లాంపు తగిలించడం. దాని పళ్ళు పదునుగా ఉంటాయి, పెయింటునీ తుప్పునీ చీల్చుకుని లోహాన్ని కరవాలి కాబట్టి. పట్టు కుదరకపోతే పంపు కదలకుండా ఇంటర్‌లాక్ ఆపేసే ఏర్పాటూ ఉంటుంది. ఇంత జాగ్రత్త ఎందుకంటే పెట్రోలు గొట్టంలో పారేటప్పుడు, మరీ ముఖ్యంగా ఫిల్టరులోంచి దూరి వచ్చేటప్పుడు, తనే ఛార్జిని వెంటబెట్టుకొస్తుంది. అందుకే గొట్టం మూతి పెట్రోల్లో మునిగేదాకా వేగాన్ని సెకనుకు 1 మీటరు దాటనివ్వరు. నిండాక కూడా కొలత కడ్డీని వెంటనే దింపరు. లోపలి ఛార్జి సద్దుమణగాలి.

ఇక కారు సంగతి. ఛార్జి ఎక్కింది కారుకు కాదు, మనిషికి. పాలియెస్టర్ బట్టలు సీటు కవరును రాసుకుని, దిగేటప్పుడు ఒక్కసారిగా విడిపోతాయి. రబ్బరు అడుగు చెప్పులతో నేల మీద నిలబడిన మనిషి ఒంట్లో 10,000 వోల్టులదాకా చేరవచ్చు. వోల్టులు చూసి బెదరక్కర్లేదు. ఒంట్లో నిలిచే శక్తి మహా అయితే 10 మిల్లీజౌల్స్, చురుక్కుమని ఊరుకుంటుంది. బంపరు కింద పట్టీ కారునే నేలకు కలుపుతుంది, మన ఒంటిని కాదు. పనిచేసే ఉపాయం పైసా ఖర్చు లేనిది: సీట్లోంచి లేవకముందే తలుపు ఫ్రేములో లోహపు భాగం పట్టుకుని, ఆ పట్టు వదలకుండా దిగడం. మరిచిపోతే తాళంచెవితో ముట్టుకోవచ్చు, రవ్వ దాని కొసకు తగులుతుంది.

విశాఖలో ఈ బెడద తక్కువే. సముద్రపు గాలి తేమ బట్టల మీద కంటికి కనపడని తడిపొర వేసి ఛార్జిని నిలవనివ్వదు. డిసెంబరు, జనవరిల్లో, అదీ ఏసీ వేసుకున్న కారులో, ఆ కాపలా సడలుతుంది. అమెరికా వెళ్ళిన మనవాళ్ళకి మొదటి చలికాలంలో తలుపు పిడి, లిఫ్టు బటను, అన్నీ షాక్ కొట్టేది ఇందుకే.

కథ మళ్ళీ టైరు దగ్గరికొచ్చింది. 1990ల మొదట్లో మిషెలిన్ మసి స్థానంలో చాలావరకు సిలికా కలిపిన టైర్లు తెచ్చింది. ఇంధనం ఆదా అయింది, కానీ సిలికా కరెంటును పోనివ్వదు. పాత చిక్కు తలెత్తింది. ఈసారి ఎవరూ గొలుసు కట్టలేదు. ట్రెడ్‌లోంచి నేల తాకేలా మసి రబ్బరు పట్టీ ఒకటి పోశారు. కొన్ని కొత్త టైర్ల చుట్టూ సన్నటి గీతలా కనిపించేది అదే.

ఒంట్లోంచి దూకే రవ్వ మనల్ని చురుక్కుమనిపించి ఊరుకున్నా, పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి మాత్రం 0.25 మిల్లీజౌల్ చాలు. అమెరికాలో ఎవరి పెట్రోలు వాళ్ళే పట్టుకుంటారు; నాజిల్ తగిలించి, చలికి కార్లో కూర్చుని, మళ్ళీ దిగి నాజిల్ ముట్టుకున్నప్పుడు మంటలు లేచిన ఘటనలు అక్కడ పదుల్లో నమోదయ్యాయి. మన బంకుల్లో పట్టేది పనివాడు కనుక ఆ భయం లేదు. ప్లాస్టిక్ డబ్బాతో వచ్చేవాళ్ళ దగ్గరే ఉంది. స్కూటరు మీదే పట్టుకుని నింపించుకోకూడదు. డబ్బా నేల మీద పెట్టాలి, నాజిల్ దాని మూతికి ఆనించే ఉంచాలి.